కాయకమున క్రొత్త యోచన

కాయకమనగా ఒడలు వంచి చేయు పని యని మాత్రమే పెక్కురు తలంచుచుందురు. కాయము అను మాటనుండి పుట్టిన పదము గనుక ఆ తలంపు సహజమే. కాని చేయి పనిలో ఉండగా మనస్సు ఎక్కడ ఉండవలెను? ఈ ప్రశ్నకు ఇండ్లలో సాధారణముగా వినవచ్చు సమాధానము ఒక్కటే: పెద్దలు చేసినట్లు చేయుము, మనస్సును శివునియందు ఉంచుము. వినుటకు ఇది భక్తివాక్యమే. అయినను దుకాణపు లెక్కలు వేరొక తీరున వ్రాసిన మేలని కుమారుడు చెప్పినప్పుడును, దాసోహపు వంటయింటిలో పొయ్యిని ఇటు మార్చిన పొగ తగ్గునని కోడలు చెప్పినప్పుడును, ఈ వాక్యమే వారి నోరు మూయించుటకు పనికివచ్చుచున్నది. పదియేండ్లు గడచునప్పటికి కుమారుడు చెప్పుట మానును. కోడలు దగ్గుచు ఆ పొగలోనే వండుచుండును. కాయకనిష్ఠ పేరిట జరుగుచున్న ఈ నష్టమును గూర్చి శరణుల చరిత్రము ఏమి బోధించుచున్నదో, పనిలో మంచి ఊహలు పుట్టుటకు ఎట్టి అలవాట్లు కావలెనో పరిశీలించుటకే ఈ పాఠము.

మొదట ఒక భేదమును గ్రహింపవలెను. కాయకమునందు మారరానిది ఒకటి కలదు. మారదగినది ఒకటి కలదు. సత్యముగా ఆర్జించుట, పరుల సొమ్మునకు ఆశపడకుండుట, ఆర్జించినదానిని గురులింగజంగమములకు దాసోహము చేయుట, ఇవి వ్రతము. త్రాడు ఏ గడ్డితో పేనవలెను, మగ్గమును ఎటు త్రిప్పి నిలుపవలెను, పద్దు ఏ పుస్తకమున ఎక్కింపవలెను అనునవి రీతి. ఈ రెంటిని కలగాపులగము చేయుటవలననే చిక్కు వచ్చినది. నులియ చందయ్య కథ మన ఇండ్లలో పిల్లలకును తెలిసినదే. చెరువులో గడ్డి కోయుచుండగా ఇష్టలింగము జారి నీట పడెననియు, కాయకము నిలువరాదని చందయ్య గడ్డిమోపు ఎత్తుకొని వెడలెననియు, లింగమే అతని వెంటబడి రాగా మడివాళ మాచయ్య నడుమ నిలిచి నచ్చచెప్పెననియు సంప్రదాయము చెప్పుచున్నది. అంతటి నిష్ఠ కలవాడు చందయ్య. ఆ నిష్ఠ కాయకమునకు సంబంధించినది గాని కొడవలి వంపునకు సంబంధించినది కాదు.

క్రొత్తదనమే దోషమైనచో మొదటి దోషులు శరణులే కావలసివచ్చును. పండ్రెండవ శతాబ్దమున కల్యాణములో బిజ్జలుని కొలువున భాండారము చూచిన బసవన్న, దేవునితో మాటాడుటకు సంస్కృతమే కావలెనను కట్టును త్రోసివేసి జనుల కన్నడమును చేపట్టెను. గుడికి పోలేనివాని అరచేతికి లింగము వచ్చెను. చాకలి, పడవవాడు, నూలు వడకు స్త్రీ ఒక్క సభలో కూర్చుండిరి. ఇవి ఆనాటికి ఎంత క్రొత్తవో నేడు ఊహించుటయు కష్టము.

వచనమను ప్రక్రియను ఈ దృష్టితో చూచినచో మరొక సంగతి బయటపడును. దానికి ఛందస్సు అక్కరలేదు. రాజాస్థానపు అనుమతి అక్కరలేదు. వ్యాకరణము చదివి పండ్రెండేండ్లు గడపనక్కరలేదు. కొలది పంక్తులు, కడపట ఒక అంకితము. అంతే. బసవన్నకు కూడలసంగమదేవుడు, అల్లమప్రభువునకు గుహేశ్వరుడు, అక్కమహాదేవికి చెన్నమల్లికార్జునుడు. అంబిగర చౌడయ్యయైతే తన పేరునే అంకితముగా ఉంచుకొనెను. ప్రయత్నమునకగు వ్యయము తక్కువైనప్పుడు ప్రయత్నించువారు పెరుగుదురు. కర్ణాటక ప్రభుత్వము 1993లో వెలువరించిన సమగ్ర వచన సంపుటములు పదునైదు. నేడు లభించుచున్న వచనములు ఇరువదివేలకు పైబడినవి. వచనములు చెప్పిన స్త్రీలే ముప్పదిమందికి పైగా కలరు. బసవన్న పేరిటనే వెయ్యికి మించి యున్నవి. అన్నియు ఒకే ఎత్తున ఉన్నవని భక్తితోనైనను చెప్పరాదు. జనుల నోట ఎడతెగక నిలిచినవి వానిలో కొన్నియే. కాని ఆ కొన్ని పుట్టుటకు ఆ వెయ్యియు కావలసివచ్చెను. మంచి ఊహ ఒక్కటి చాలునని ముక్కు మూసికొని కూర్చున్నవానికి అది రాదు. పది వచ్చువానికే వానిలో ఒకటి మంచిది వచ్చును. నేటి కార్యాలయములలో పనిచేయువారికిని ఇదియే మొదటి అలవాటు కావలెను: తోచినది చిన్నదైనను, వెంగలితనముగా కనబడినను, మొదట బయటికి రానిచ్చుట.

శరణుల ఊహలు ఎక్కడినుండి వచ్చెను? వారి చేతిలోనున్న పనిముట్టునుండియే. జేడర దాసిమయ్య మగ్గమునందే తత్త్వమును చూచెను. చౌడయ్యకు పడవయు తెడ్డును ఉండెను. కదిరె రెమ్మవ్వకు రాట్నము ఉండెను. ఎదుటివాని వృత్తిలోని అందమును ఎరువు తెచ్చుకొని వారు మాటాడలేదు. నిత్యము తాకుచున్నదానినే నిదానించి చూచిరి. మనము నిత్యము తాకునది మనకు కనబడకపోవుట లోకసహజము. కనుక చూచుటను గూడ అలవరచుకొనవలెను. దినమునకు ఒక్కసారి, పని ముగించి చేతులు కడుగుకొనునప్పుడు, ఈనాడు చేయి ఎక్కడ నొచ్చినది, కాలము ఎక్కడ వృథా అయినది, వస్తువు ఎక్కడ చెడినది అని మూడు ప్రశ్నలు వేసికొన్న చాలును. సమాధానము ఆ దినముననే దొరకనక్కరలేదు. ప్రశ్న మాత్రము స్పష్టముగా ఉండవలెను.

ప్రశ్న స్పష్టముగా ఉండుటవలన ఏమి జరుగునో తెలంగాణములో ఆలేరు గ్రామపు నేతకుటుంబములో పుట్టిన చింతకింది మల్లేశము చేసిన పని తెలుపుచున్నది. పోచంపల్లి తరహా ఇక్కత్ చీర నేయుటకు ముందు ఆసు పోయుట అను పని యొకటి కలదు. నూలును అర్ధచంద్రాకారముగా నిలిపిన మేకుల చుట్టు పోగు వెంబడి పోగుగా త్రిప్పవలెను. చేయి ఒక కొనయందలి మేకునుండి ఎదుటి వరుసలోని మేకులకు పోవుచు వచ్చుచు, ఒక్క చీరకు వేలకొలది పర్యాయములు ఆడవలెను. ఆ తరువాతనే ముడులు వేయుట, రంగు అద్దుట. ఈ ఆసు పని ఎక్కువగా నేతయిండ్ల స్త్రీలదే. మల్లేశము తల్లి లక్ష్మియు ఏండ్ల తరబడి ఇదే పని చేసి భుజము నొప్పితో బాధపడెను. ఆ నొప్పిని చూచి, ఈ చేతి కదలికను యంత్రము చేయలేదా అని అతడు ప్రశ్నించుకొనెను. అతనికి ఇంజనీరింగు చదువు లేదు. పాఠశాల చదువే నడుమ నిలిచిపోయినది.

1992లో మొదలుపెట్టిన పని 1999లో గాని పూర్తి కాలేదు. ఏడేండ్లు! ఈ ఏడేండ్లను గూర్చి తొందరపడక ఆలోచింపవలెను. "నేతపనిని బాగుచేయుట ఎట్లు" అను పెద్ద ప్రశ్నతో అతడు మొదలిడలేదు. తల్లి చేయి ఎటునుండి ఎటు పోవుచున్నది అను చిన్న ప్రశ్నతో మొదలిడెను. ఆ కదలికను ముక్కలుగా విడదీసి ఒక్కొక్క ముక్కకు చెక్కతోను ఇనుముతోను సాధనము కూర్చుచు పోయెను. కొన్ని ముక్కలు కుదిరెను. ఒక కదలిక మాత్రము ఎంతకును కుదరలేదు. డబ్బు అయిపోయినది, చుట్టుపట్లవారు ఇక మానుమనిరి. జీవనమునకై అతడు హైదరాబాదు చేరి వైరింగు పనులు చేసికొనుచుండెను. అట్లుండగా బాలానగరు పారిశ్రామికవాడలో పనికి పోయినప్పుడు, నేతతో ఏ సంబంధమును లేని ఒక యంత్రము కదలుట అతని కంటబడెను. కుదరక నిలిచిపోయిన కదలిక అదియే! ఆ విధముగా పూర్తియైన యంత్రమునకు తల్లి పేరు మీదుగా లక్ష్మీ ఆసు యంత్రమని పేరు పెట్టెను. గంటల కొలది సాగు పని చాల తగ్గెను, చేయి ఆడింపనక్కరలేకపోయెను. 2017లో భారత ప్రభుత్వము అతనికి పద్మశ్రీ నిచ్చినది.

దీనిని అదృష్టమని చెప్పి ఊరకుండుట తగదు. బాలానగరులో ఆ యంత్రమును ప్రతిదినము ఎందరో చూచుచుండిరి. వారి మనస్సులో ఆ ప్రశ్న లేదు గనుక వారికది వట్టి యంత్రము. ప్రశ్నను ఏడేండ్లు మోసినవానికి అది సమాధానమైనది. రెండవ సంగతి, సమాధానము సొంత వీథిలో దొరకలేదు. మగ్గముల నడుమనే కూర్చుండియున్నచో ఇంకెన్ని ఏండ్లు పట్టెడిదో!

పరుల కాయకమును చూచి తన కాయకమునకు మేలు తెచ్చుకొనుట మన సంప్రదాయమునకు క్రొత్త గాదు. పాల్కురికి సోమనాథుని చూడుడు. నేటి జనగామ జిల్లాలోని పాలకుర్తి ఆయన ఊరని ప్రసిద్ధి. బసవన్న చరిత్రము కన్నడసీమది. దానిని తెలుగువారికి చెప్పదలచినప్పుడు ఆయన ఎదుట సంస్కృత వృత్తములతో నిండిన చంపూమార్గము సిద్ధముగా ఉండెను. పండితుల మెప్పు అటు పోయినచో సులభము. ఆయన ద్విపదను ఎన్నుకొనెను. పాడుకొనుటకు అనువైన దేశిచ్ఛందస్సు అది. దానిని మహాకావ్యమునకు వాహనముగా చేయుటయే ఆయన చేసిన సాహసము. భక్తుల నోటనున్న కథలు, జానుతెనుగు, జనుల పాట మూడును కలిసి బసవపురాణమైనవి. అంతటితో ఆగక ఉదాహరణము, రగడ, శతకము అను పలు ప్రక్రియలలో చేయి నడపెను. వృషాధిప శతకమున ఇరుగుపొరుగు భాషలలోను పద్యములు చెప్పెను. పండితారాధ్య చరిత్రమునందు శివరాత్రికి శ్రీశైలము చేరు జనులను, వారి ఆటపాటలను వర్ణించిన తీరు చూచినచో, ఆ కవి చెవి ఎంత తెరచియుండెనో తెలియును. మరొక వింత: కన్నడదేశపు కథ తెలుగున కావ్యమై, ఆ తెలుగు కావ్యమును 1369లో భీమకవి కన్నడమునకు తీసికొనిపోయెను. ఇచ్చినవాడే పుచ్చుకొనెను, రెండు భాషలకును లాభించెను.

కావున నెలకొక పర్యాయమైనను తనది కాని పనిచోటికి పోయి కొంతసేపు ఊరక చూచుచు నిలుచుట మంచి అలవాటు. ధాన్యపు వ్యాపారి అచ్చుయంత్రశాలకు పోవచ్చును. ఉపాధ్యాయుడు కుమ్మరి సారె యొద్ద నిలువవచ్చును. కార్యాలయపు గుమాస్తా ఆసుపత్రిలో చీట్లు ఇచ్చు వరుస ఎట్లు నడచుచున్నదో గమనింపవచ్చును. అక్కడివారికి సలహాలు చెప్పుటకు గాదు సుమా! చూచుటకు.

ఇక నలుగురు కూడి ఆలోచించు తీరు. దీనిని గూర్చి పాశ్చాత్యదేశములలో కొంత శాస్త్రీయ పరిశీలన జరిగినది. ప్రకటనల వ్యాపారమున ఉండిన అలెక్స్ ఆస్బర్న్ అను అమెరికా దేశస్థుడు 1953లో ఒక గ్రంథము ప్రకటించి, నలుగురు కూర్చుండి ఊహలు చెప్పునప్పుడు విమర్శను వెనుకకు ఉంచవలెననియు, సంఖ్య పెరిగినకొలది మేలనియు, ఒకరి ఊహపై మరియొకరు కట్టుకొనిపోవలెననియు బోధించెను. ఆ పద్ధతి లోకమంతట వ్యాపించినది. కాని 1958లో యేల్ విశ్వవిద్యాలయమున పరీక్షించి చూడగా, నలుగురు కలిసి కూర్చుండి చెప్పిన ఊహలకంటె, నలుగురు వేరువేరుగా ఆలోచించిన ఊహలను తరువాత ఒకచోట కూర్చినప్పుడు సంఖ్యయు మేలును ఎక్కువగా కనబడెను. కారణములు తరువాతివారు వెదకిరి. ఒకరు మాటాడుచుండగా తక్కినవారు ఆగవలెను; ఆగినంతలో తమ ఊహ జారిపోవును. నలుగురిలో నవ్వులపాలగుదుమేమో యను భయము సరేసరి. ఆస్బర్న్ చెప్పినదానిలో విమర్శను ఆపుమనుట నిలిచినది. ఎల్లప్పుడును కలిసియే ఆలోచింపుమనుట నిలువలేదు.

అనుభవమంటపమును గూర్చి మనకు తెలియునది ప్రధానముగా శూన్యసంపాదనముల వలననే. అవి శరణులకు దాదాపు మూడు శతాబ్దముల తరువాత, విజయనగరకాలమున కూర్చబడినవి. అందలి సభ ఎట్లున్నదో గమనింపుడు. ఎవరును రిక్తహస్తములతో అక్కడికి రాలేదు. ఒక్కొక్కరు తమ కాయకమున, తమ పూజలో, తమ ఏకాంతమున పండించుకొన్న అనుభవముతో వచ్చిరి. ముందు ఏకాంతము, పిదప సభ. శూన్యపీఠముపై కూర్చున్న అల్లమప్రభువు వచ్చినవారిని పొగడి పంపలేదు. అక్కమహాదేవి వచ్చినప్పుడు, యౌవనములోనున్న స్త్రీ ఎందుకు వచ్చినది, ఆమె పతి యెవరు, ఒడలిపై వస్త్రము విడిచినదానికి కురులతో కప్పుకొనుట యెందుకు అని గుచ్చి గుచ్చి ప్రశ్నించెను. ఆమె ప్రతి ప్రశ్నకును నిలిచి సమాధానము చెప్పెను. సభ తల వంచెను. సొన్నలిగలో చెరువు త్రవ్వించుచున్న సిద్ధరాముని కడకు ప్రభువు తానే పోయి, మట్టి మోయించుటయే ముక్తియా అని పరిహసించెనని కథ. ఆ చెరువు నేటికిని సోలాపురమున సిద్ధేశ్వరాలయము చుట్టు ఉన్నది. ప్రశ్నవలన చెరువు పూడిపోలేదు, సిద్ధరాముని దృష్టి మాత్రము పెరిగెను.

ఇందుగల సూక్ష్మమేమనగా, ప్రభువు కఠినమైన ప్రశ్న పండినదానిపై పడెను గాని మొలకపై పడలేదు. మన సభలలో తరచుగా దీనికి విరుద్ధముగా జరుగుచున్నది. మొలకను గోటితో గిల్లివేయుదుము. పెద్దవాడు తెచ్చిన కాయను కోసి చూడక చేతులు జోడింతుము.

మఠములయందు ఈ విషయము మరింత జాగ్రత్తగా చూడవలసియున్నది. స్వామివారి సన్నిధిలో నోరు విప్పుట అవిధేయత యను భావము భక్తులలో బలముగా నాటుకొన్నది. గౌరవము ఉండవలసినదే. కాని జాతరనాడు పంక్తిలో వడ్డించువానికే, మజ్జిగ ఎక్కడికి వచ్చునప్పటికి అయిపోవునో తెలియును. విస్తళ్లు ఎత్తు స్త్రీకే, ఏ వంటకము మిగిలి పారవేయబడుచున్నదో తెలియును. వారిని ఎవరు అడుగుచున్నారు? మఠపు పాఠశాలలో వెనుక వరుసలోని బాలునకే, నల్లబల్లపై వ్రాత కనబడుట లేదని తెలియును. తుమకూరు సిద్ధగంగామఠమున శివకుమారస్వామివారు 2019లో లింగైక్యము పొందువరకు అన్నము, వసతి, విద్య అను త్రివిధదాసోహమును వేలకొలది బాలురకు నడపిరి. అంతటి వంటయిల్లు ఒక్క పెద్ద తలతో నడచునది కాదు. కల్యాణములో చాకలి మాచయ్య మాటకు మంత్రి బసవన్న తల వంచెనని పురాణమున పారాయణము చేయుచు, మన మఠమున గిన్నెలు తోమువాని మాట వినకపోవుట చూచుటకు బాగుండదు.

దీనికొక చిన్న ఉపాయము కలదు. సభలో అందరికంటె చిన్నవారు మొదట చెప్పవలెను. పీఠాధిపతి లేక ఇంటి యజమాని కడపట చెప్పవలెను. పెద్దవారు మొదట చెప్పినచో, తరువాతివారు ఆ మాటకే తలయూపుదురు. మాటాడుటకు జంకువారు చీటీపై వ్రాసి ఇయ్యవచ్చును, పేరు అక్కరలేదు.

మనస్సునకు విశ్రాంతి యిచ్చుటను గూర్చియు కొంత చెప్పవలెను. ఆంగ్ల విద్వాంసుడు గ్రాహం వాలస్ 1926లో ఊహ పుట్టు క్రమమును నాలుగు దశలుగా చెప్పెను: శ్రమించి సిద్ధపడుట, విడిచి ఊరకుండుట, తటాలున తోచుట, తోచినదానిని పరీక్షించుట. ఫ్రెంచి గణితవేత్త పొయంకరే, ఎన్నో దినములు పెనగులాడిన సమస్యకు సమాధానము విహారయాత్రలో బండి మెట్టుపై కాలు పెట్టిన క్షణమున తోచెనని 1908లో తన గ్రంథమున వ్రాసికొనెను. నడచుచుండగా ఊహలు ఎక్కువగా వచ్చునని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2014లో ప్రకటించిరి. అయితే ముందు శ్రమ లేనివానికి ఊరకుండుటవలన నిద్రయే వచ్చును. ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. ఇష్టలింగపూజకు కూర్చున్న మనస్సు తేటపడునన్నది సత్యమే. పూజానంతరము చిక్కుముడులు విడివడుటయు పలువురి అనుభవము. కాని వ్యాపారమునకు ఉపాయము తోచుటకై పూజ చేయుట తగదు. అట్లు చేసినచో పూజయు చెడును, ఉపాయమును రాదు. లింగమును అరచేత నుంచుకొన్నంతసేపు లింగమే, లెక్కలు తరువాత.

తోచినదానిని వెంటనే వ్రాసికొనవలెను. జ్ఞాపకముంచుకొందుమను ధైర్యము పనికిరాదు. వచనముల చరిత్రమే దీనికి సాక్షి. కల్యాణపు అలజడి తరువాత శరణులు చెదరిపోయిరి. చెన్నబసవన్న మొదలగువారు వచనముల కట్టలతో ఉళవి చేరిరని సంప్రదాయము. తాటాకులపై వ్రాసినది కొంత మఠములలోను ఇండ్లలోను మిగిలెను. వ్రాయనిది ఎంత పోయెనో ఎవరు చెప్పగలరు? ఆ మిగిలినదానిని ఇల్లిల్లు తిరిగి కూర్చినవారు విజాపురపు న్యాయవాది ఫకీరప్ప గురుబసప్ప హళకట్టిగారు. 1923లో వచనశాస్త్రసారమును వెలువరించిరి. అచ్చు వేయువారు దొరకనందున స్వయముగా ముద్రణాలయము పెట్టుకొనిరి. 1926లో శివానుభవ పత్రికను ఆరంభించిరి. తమ సొత్తంతయు దానికే వెచ్చించిరి. ఆయన ఆ తాటాకులను వెదకి అచ్చొత్తింపనిచో, చెదలకు ఆహారము కావలసినవి ఎన్నో! జేబులో పట్టు చిన్న పుస్తకము, ఒక పెన్సిలు, ఇవి నేటి తాటాకులు. చేతిలోని ఫోనులో వ్రాసికొన్నను సరియే. వారమునకొకసారి తిరిగి చదువుట మాత్రము మరువరాదు. వ్రాసి చదువనిది వ్రాయనిదానితో సమానము.

ఊహలు అనేకము వచ్చినవి. ఏది మేలైనది? లాభము ఎక్కువ తెచ్చునదే మేలైనదని లోకము చెప్పును. ఇక్కడ ఆయ్దక్కి లక్కమ్మ గుర్తు రావలెను. భర్త మారయ్య కల్యాణపు వీథులలో రాలిన బియ్యము ఏరి తెచ్చుట కాయకముగా గలవాడు. ఒకనాడు నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ తెచ్చెను. అది ఒక విధముగా మంచి ఊహయే గదా, పని తక్కువ, ఫలము ఎక్కువ! లక్కమ్మ దానిని అంగీకరింపలేదు. కావలసినంత ఉంచి మిగిలినది ఎక్కడిది అక్కడ పోసిరమ్మని పంపెను. ఈ కథను ఆశ విడువుమను నీతిగా మాత్రమే చెప్పుకొనుట అలవాటైపోయినది. ఊహను పరీక్షించు తక్కెడ కూడ ఇందులోనే యున్నది. ఈ క్రొత్త పద్ధతివలన ఎవరి చేతి భారము తగ్గును? ఎవరి నోటి అన్నము తగ్గును? మిగిలిన కాలము, మిగిలిన ధనము ఎవరికి చేరును? ఆసు యంత్రము తల్లి భుజమునకు విశ్రాంతి నిచ్చెను గనుక ఈ తక్కెడలో నిలిచినది. తూకపు రాయిని సన్నగా అరగదీయు ఉపాయమును ఒకడు కనిపెట్టినచో, అదియు తెలివియే; కాయకమునకు మాత్రము అది చేరదు.

కొందరు వ్యాపారస్థులు, ఊహను పంచిపెట్టిన పోటీవాడు లాభపడునని శంకింతురు. కొన్ని విషయములలో ఆ శంక న్యాయమే. తన శ్రమకు చట్టము ఇచ్చు రక్షణను పొందుట తప్పు గాదు. అయినను పొగ తగ్గించు పొయ్యి, ధాన్యము పురుగు పట్టకుండ నిలుపు తీరు, బాలురకు లెక్కలు సులభముగా బోధించు పద్ధతి వంటివి దాచుకొనుటలో అర్థము లేదు. ఇవి అన్నముతోపాటు దాసోహము చేయదగినవి.

కుటుంబములలో ఆచరించుటకు ఒక క్రమము చెప్పవచ్చును. నెలకు ఒక సోమవారము, సాయంపూజ ముగిసిన తరువాత, ఇంటిలోని వారందరు, పనివారితో సహా, కూర్చుండవలెను. యజమాని ఒక్క ప్రశ్న మాత్రమే పెట్టవలెను. అది వీలైనంత చిన్నదిగా ఉండవలెను. "వ్యాపారము పెరుగుట ఎట్లు" అని గాక, "సంతనాటి సాయంకాలము దుకాణములో త్రోపులాట తగ్గుట ఎట్లు" అనవలెను. మొదటి పావుగంట ఎవరును మాటాడరాదు. ఎవరికి తోచినవి వారు వ్రాసికొనవలెను. వ్రాయలేని వృద్ధులకు పిల్లలు వ్రాసిపెట్టవలెను. పిదప చిన్నవారినుండి ఆరంభించి వరుసగా చదువవలెను. చదువుచుండగా "ఇది జరుగునదా", "మునుపు చేసి చూచితిమి" అను మాటలు రాకూడదు. అన్నియు చదివిన తరువాతనే ప్రశ్నలు. అప్పుడు మొగమాటము వలదు. ఒక్కదానిని ఎన్నుకొని, నష్టపోయినను బాధ లేనంత చిన్నదిగా, ఒక నెల చేసి చూడవలెను. పొయ్యి మార్చదలచినచో అన్ని పొయ్యిలు పడగొట్టక ఒకటి మార్చి చూచినట్లు. చెడినది ఎందుకు చెడినదో అదే పుస్తకమున వ్రాయవలెను. మల్లేశము పనిలోను కుదరనివే ఎక్కువ కాలము నడచినవి.

మఠములవారు ఏటేట వైశాఖ శుద్ధ తదియనాడు బసవజయంతికి ఉపన్యాసములు ఏర్పరచుచున్నారు. ఆ దినమున ఒక గంట కేటాయించి, కుటుంబములవారు తమ పుస్తకములనుండి ఆ యేడు ఫలించిన పద్ధతిని ఒకదానిని, ఫలింపనిదానిని ఒకదానిని చదివి వినిపించునట్లు చేయవచ్చును. స్వామివారు వినుచు కూర్చుండి కడపట మాటాడుదురు. చదివినవానిని వ్రాసి ఉంచుటకు మఠములో ఒక పెద్ద పుస్తకము, వ్రాయుటకు దస్తూరి బాగున్న ఒక విద్యార్థి ఉన్న చాలును.